ఊపిరి తీసెయ్యొద్దు

సాలిగ్రామంలో రెండో అంతస్తు గది.
గోడలకి గుడ్డ, తలుపుకి గుడ్డ,
మైకులో చప్పుడొస్తుందని ఏసీ ఆపేస్తారు.
ఇరవై రెండేళ్ళుగా ఆ చెమటలోనే
పరాయి పెదాలకి తెలుగు తొడిగాను.
పెళ్ళిపీటల మీంచి లేచిపోయిన పిల్లకి నేనే,
దెయ్యం పట్టిన కోడలికి నేనే,
రైలు వెంట పరిగెత్తినామె కేకా నాదే.
మాటకీ మాటకీ మధ్య నేను పీల్చిన గాలిని మాత్రం
దేవసహాయం మీట నొక్కి కత్తిరించేవాడు.
ఎన్ని కేకలకి ఎంత గాలి!
ఎక్కడ పారబోశాడో, చెత్తబుట్టకి బరువే లేదు.

ఈసారి సినిమా కాదన్నారు.
ఫోన్లో యాప్. పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ళ వాళ్ళకి.
అడయారు నుంచి కౌముది అని ఒకమ్మాయి వచ్చింది,
ఇరవై ఆరుంటాయేమో,
కాగితాలిచ్చి దేవసహాయానికి ఒక్కటే చెప్పింది:
"ఊపిరి తీసెయ్యొద్దు. పాఠం అదే."
అతను నా వైపు చూశాడు.
నేను నా చేతుల వైపు.

కాగితం మీద 'స్వీయ కరుణ' అని ఉంది.
నోట్లో వేసుకుంటే అన్నంలో రాయి.
పదిహేనేళ్ళ పిల్ల రాత్రి పదకొండింటికి
దుప్పటి కింద ఈ మాట విని ఏం చేసుకుంటుంది?
"మన ఇళ్ళల్లో ఏమంటారక్కా దీన్ని?" అంది కౌముది.
వెతికాను.
జాలి అంటే పక్కింటివాళ్ళు పడేది.
దయ అంటే దేవుడిది.
మనల్ని మనం తిట్టుకోవడానికైతే
మా అమ్మ దగ్గర్నుంచి తెచ్చుకున్నవి కొల్లలు:
మొద్దు మొహం, దండగమారి, నీ బతుక్కి,
వెతక్కుండానే వచ్చేశాయి అన్నీ.
చివరికి ఇలా చదివాను:
"జ్వరమొచ్చిన స్నేహితురాలి నుదుటి మీద
చెయ్యి ఎలా వేస్తావో
అలా వేసుకో, నీ మీద."
పద్దెనిమిది సార్లు చదివించారు.
"ఇంకా మెల్లగా అక్కా. నటించకుండా."
నటించకుండా!
ఆ గొంతు ఎక్కడ పెట్టానో గుర్తురాక
నీళ్ళు తాగాను.

ఇంట్లో ఉన్న గొంతు వేరు.
ఆర్కాట్ రోడ్డు తవ్వేసిన దుమ్ములో షేర్ ఆటో దిగి
మూడంతస్తులెక్కి
చెప్పులు విప్పకముందే అడిగే గొంతు:
ఫిజిక్స్‌లో ఎంతొచ్చింది? పక్క బ్లాకు పిల్లకెంత?
ఆ ఫోను అవతల పారెయ్,
నీళ్ళ లారీ వచ్చిందా, బిందె పెట్టావా?
అంతా ఒక్క ఊపిరిలో.
దేవసహాయానికి కత్తిరించే పనే ఉండదు.

మొన్న రాత్రి కరెంటు పోయింది.
ఇందుజ గది తలుపు కింద సన్నటి వెలుగు.
మళ్ళీ ఆ ఫోనే, అని తలుపు మీద చెయ్యి వేశాను.
లోపల ఎవరో మాట్లాడుతున్నారు.
తొందర లేని ఆడగొంతు.
ఎవరో మంచావిడ, అనుకున్నాను.
"వదిలెయ్, మెల్లగా. ఇంకాస్త మిగిలింది చూడు, అదీ."
నాకంటే ముందు నా మోకాళ్ళు గుర్తుపట్టాయి.
తలుపుకి ఇవతల, నేల మీద కూర్చుని
ఆవిడ పీల్చమంటే పీల్చాను,
వదలమంటే వదిలాను.
దోమలు కుట్టాయి. కుట్టనిచ్చాను.

పొద్దున్న ఇడ్లీ తుంపుతూ, నా వైపు చూడకుండా అంది:
"మూడో పాఠంలో ఒకచోట గుటక వేశావమ్మా.
తియ్యడం మర్చిపోయినట్టున్నారు.
అక్కడికొచ్చాక వెనక్కి తిప్పి మళ్ళీ వింటా."
ఎందుకే, అన్నాను.
భుజాలెగరేసింది.
"మిగతాదంతా యాప్ కదా."

ఫిజిక్స్, అనబోయాను.
నోరు తెరిచేశాక ఏం చెయ్యాలో తోచక
గుటక వేశాను.
ఫక్కున నవ్వింది, ఇడ్లీ ముక్క జారేలా.
కింద లారీ హారన్ కొడుతోంది.
పచ్చ బిందె, ఎర్ర బిందె రెండూ తనే పట్టుకుని
చెప్పులేసుకోకుండా
మెట్లు దిగింది.